సాయంత్రం ఆరింటికి చూపించు

చిట్కుల్‌లో మా కింది వాటాలో ఉండే ఆమెకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. నిజామాబాద్‌లో ఉన్న ఆమె చెల్లెలికీ అంతే. చెల్లెలికి తొలి కాన్పు దగ్గరపడింది. డాక్టరు చెప్పేది ఆమెకు ఎవరూ విప్పి చెప్పరు. ఏది అడగాలన్నా అక్కనే అడగాలి, కంప్యూటర్ కెమెరా ముందు, చేతులతో. అక్క భర్త కాజీపల్లి మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఇందుకోసమే ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించాడు.

అతను డ్యూటీ దిగి వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తేనే అక్కచెల్లెళ్ల ముచ్చట. సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగిపోయేది. చెల్లెలి వేళ్లు బిగుసుకుపోయేవి. మళ్లీ కదిలేసరికి ఆమె చెప్పాల్సింది చెప్పేసి ఉండేది. మనకైతే బొమ్మ ఆగినా గొంతు వినిపిస్తుంది. వాళ్లకు చెయ్యి ఆగితే మాటే లేదు.

ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ అతను రెండింతల స్పీడున్న ప్లాన్ తీసుకోమన్నాడు. భర్తకు వారపు సెలవున్న రోజు మిట్టమధ్యాహ్నం వచ్చి చూపించాడు. బొమ్మ నీళ్లలా పారింది. భర్త సరేననబోయాడు. నాకు మాత్రం అనుమానం పోలేదు. అరచేతిలో విబూది తీసే బాబాలతో సభల్లో వాదించినవాణ్ణి. అలాంటివాళ్లను అడగాల్సింది ఒక్కటే: మేం చెప్పిన వేళకు తీస్తావా?

"పగటి పూట ఎందుకు జూపిస్తున్నవ్? కంపెనీ బస్సులు వచ్చినంక, ఆరింటికి జూపియ్యి," అన్నాను.

"మీరు దేవుణ్ణే నమ్మరు సార్, నన్నేం నమ్ముతరు?"

"దేవుడైతే రమ్మన్నా రాడు. నువ్వు రా."

వచ్చాడు. అదే ప్లాన్, అదే కంప్యూటర్. చెల్లెలి చెయ్యి గాలిలో నిలబడిపోయింది. ముందు మబ్బు పట్టిందన్నాడు, తర్వాత వైరస్ అన్నాడు, చివరికి కెమెరా మంచిది కాదన్నాడు. బాబాలూ ఇంతే. విబూది రాకపోతే సభలో అపవిత్రులెవరో కూర్చున్నారంటారు.

డాబా ఎక్కి చూశాను. గల్లీలోని ఇళ్ల తీగలన్నీ స్తంభం మీది ఒకే డబ్బాలోకి పోతున్నాయి. ఆ డబ్బాకు బయటినుంచి వచ్చేది ఒక్క తీగ. షిఫ్టు దిగినవాళ్లంతా దాని మీదే పడితే, మన ఒక్క ఇంటికి పెద్ద ప్లాన్ తీసుకుని ఏం లాభం? ఇంటికి ఎంత స్పీడు కావాలో అమ్మేవాణ్ణి అడగడం, హోమం చేయించాలా వద్దా అని పురోహితుణ్ణి అడగడం లాంటిదే.

పాత ప్లానే ఉంచి పొద్దున మాట్లాడుకోమన్నాను. భర్త నసిగాడు.

"ఆమెకు కంప్యూటర్ పెట్టుడు రాదు సార్."

"నేర్పినవా?"

ఆమె మా ఇద్దరి మొహాలూ చూసి, లేచి వెళ్లి, తనే మీట నొక్కింది. రోజూ అతని వెనక నిలబడి చూసిందేగా.

మర్నాడు కంపెనీ బస్సులు వెళ్లిపోయాక నేను మెట్లు దిగుతున్నాను. వాళ్ల తలుపు తీసి ఉంది. తెర మీద చెల్లెలి చేతులు ఆగకుండా ఏదో అడుగుతున్నాయి, అక్క చేతులు తొందరపడకుండా జవాబు చెబుతున్నాయి. ఆ భాష నాకు రాదు. అయినా ఆడవాళ్లు కాన్పు సంగతులు మాట్లాడుకుంటుంటే వినకూడదని మొహం తిప్పుకుని దిగిపోయాను.