ఐదో గుడ్డు

సత్తిరాజు మావయ్యకి ఒకటే పిచ్చి, తీతువు పిట్ట గుడ్ల ఫొటోలు. రైల్వే గార్డుగా రిటైరైన మర్నాడే కెమెరా కొని, భన్‌పురి అవతలి రాళ్ళ మైదానానికి సైకిలెక్కాడు. ఆయన ఫొటోల్లో రాళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఆ ఫొటోలనే ఎదుటివాళ్ళ ముఖానికి అడ్డం పెట్టి, "నాలుగు గుడ్లున్నాయి, కనిపెట్టండి!" అంటాడు. ఆ సైకిల్ బెల్లు వినిపిస్తే మా గుఢియారీ పేటలో తెలుగువాళ్ళంతా తలుపులేసుకునేవాళ్ళు.

పెళ్ళిపీటల మీదున్న మా పక్కింటి నాగబాబునీ వదల్లేదు. తాళి కట్టాల్సినవాడు పాపం రాళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాడు. పురోహితుడు మాత్రం తనకి రెండు దొరికాయన్నాడు.

ఆ వేసవిలో మా ఇంట్లో నవ్వన్నది లేదు. అమ్మకి కడుపులో గడ్డ, ఆపరేషన్‌కి ఇంకా తొమ్మిది రోజులు. సాయంత్రమయ్యేసరికి ఇంటి మీదుగా తీతువు అరుచుకుంటూ పోయేది. తీతువు అరిస్తే చావు కబురని మావాళ్ళ నమ్మకం. అమ్మ అన్నం మానేసింది.

"ఇంకేటి ఆపరేషను గిరీ? పిలుపొచ్చేసింది. నానెల్లను."

కాళ్ళు పట్టుకున్నా వినలేదు. నాకు ఏడుపొచ్చేది. అలాంటి ఇంటికి ఈ మహానుభావుడు ఫొటోతో దిగాడు. గుమ్మంలోనే అడ్డుపడ్డాను. నన్ను తోసుకుని లోపలికి పోయాడు.

"అన్నమ్మక్కా, అది నిన్ను పిలవట్లేదు, నన్ను తిడతంది. గుడ్ల దగ్గరికి ఎవరెళ్ళినా గగ్గోలే. బచ్చాల తల్లి కదా! ఇదిగో చూడు."

"ఇవి రాళ్ళు కదరా!"

"నాలుగు గుడ్లు. దొరికేదాకా నీకు ఛుట్టీ లేదు."

అమ్మ కళ్ళద్దాలు అడిగింది. తొమ్మిది రోజులూ సత్తిరాజుని తిడుతూ వెతికింది. వెతుకుతూనే నాలుగు ముద్దలు తినేది. పిట్ట అరిస్తే, "ఉండవే, నీ గుడ్లే ఎతుకుతున్నాను" అనేది. చివరికి, "ఇవి చూడకుండా నాను పోనురా. నడు ఆస్పత్రికి" అంది.

స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి మాట్లాడాలని, "గుడ్లెక్కడున్నాయి మావయ్యా?" అన్నాను.

"అందులో లేవురా. పిల్లలై వెళ్ళిపోయాయి. ఖాలీ రాళ్ళే తీసి తెచ్చాను. దొరికిపోతే మళ్ళీ ఆ అరుపే వింటూ కూర్చునేది."

"మరి మాకందరికీ చూపించినవాటిలో?"

"వాటిలో ఉన్నాయి. మీకే కనిపించవు."

అమ్మ బతికింది. మూడో రోజు దిండు కింది ఫొటో తీసి వేలు పెట్టింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు! ఒరే సత్తీ, ఐదోదీ ఉందిరా!"

మావయ్య ఫొటోని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"అరే, పక్కా ఐదే అక్కా! నేనే సరిగ్గా చూడలేదు."