బాబాయి కాలి కొలత

మంచం దిగేముందు బాబాయి రెండు పాదాలనూ గుండ్రంగా ఇరవైసార్లు తిప్పుతాడు. తర్వాత కింద పరిచిన తువ్వాలును కాలివేళ్ళతో దగ్గరికి లాక్కుంటాడు. అంత బతిమాలితేగాని కుడి బొటనవేలు పాదాన్ని నేల మీద మోపనివ్వదు. ఒంటిగది ఇల్లు. మూలిగినా వినేవాళ్ళు లేరు కాబట్టి మూలగడం ఎప్పుడో మానేశాడు.

చెప్పుల షాపులో ముప్ఫై ఏళ్ళుగా సేల్స్‌మన్. అక్కడ అందరికీ ఆయన బాబాయే. వచ్చినవాళ్ళ పాదాలు కొలిచి, "అన్నదమ్ముల్లా ఉన్నాయండీ! ఎడమాయనే కాస్త బొద్దు" అని నవ్వించేవాడు. రోజు మొత్తంలో ఆయన మాట్లాడే మాటలన్నీ ఆ షాపులోనివే.

అందుకే నొప్పి సంగతి దాచాడు. నిలబడలేనివాళ్ళను యజమాని షాపు వెనక గోడౌన్‌కు పంపేస్తాడు. అక్కడ అట్టపెట్టెలు తప్ప మనుషులుండరు. పళ్ళబిగువున రెండేళ్ళు నెట్టుకొచ్చి, ఒకరోజు బస్సు దిగుతూ కూలబడ్డాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"బొటనవేలి కీలు అరిగిపోయింది" అందావిడ ఎక్స్‌రే చూసి. "ఎముకల మధ్య మెత్తటి పొర మళ్ళీ రాదు. కానీ జాగ్రత్తపడితే నొప్పిని అదుపులో పెట్టుకోవచ్చు. మీ బూట్ల సైజెంత?"

"ఏడమ్మా. కుర్రతనం నుంచీ ఏడే."

"ఈమధ్య కొలిచారా?"

బాబాయి తన బూట్ల వంక చూసుకున్నాడు.

ముందువైపు వెడల్పుగా, అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేసుకోమంది. పొద్దున్నే వేళ్ళకు వ్యాయామం, సాయంత్రం గోరువెచ్చని నీళ్ళు. "గంటల తరబడి నిలబడకండి. అది మాత్రం మీ యజమానికి చెప్పాల్సిందే."

మర్నాడు షాపు ఇంకా తెరవకముందే బాబాయి తన పాదాన్ని కొలతపలక మీద పెట్టి, బరువంతా మోపి నిలబడ్డాడు. ఎనిమిదిన్నర. ఇంకోసారి చూశాడు. ఎనిమిదిన్నరే. ఎవరికైనా చెప్పి నవ్వుకుందామని తల తిప్పితే ఖాళీ కుర్చీలే కనిపించాయి.

యజమాని రాగానే ఉన్నదంతా చెప్పేశాడు.

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు బాబాయ్? గోడౌన్‌లో హాయిగా కూర్చో. ఎవరి గోలా ఉండదు."

"ఆ గోల కోసమేనయ్యా నేను పనికి వచ్చేది."

యజమాని తల గోక్కున్నాడు. తర్వాత, "సరే, పొద్దుటిపూట వరకైతే చూద్దాం" అన్నాడు.

ఇప్పుడు బాబాయి మధ్యాహ్నం దాకా పొట్టి స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్ళ కొలతలు తీస్తాడు. ఆ తర్వాత షాపు మూసేదాకా గోడౌన్‌లో పెట్టెల మీద నంబర్లు రాస్తాడు.