కాపలా మార్చిన బోర్డుల మాస్టారు

బోర్డుల మాస్టారు కష్టపడి సాధించిన మొదటి ఘనత బడి గోడ మీద బడి పేరు. కుర్రవాడివి పొమ్మని ఎన్నోసార్లు తిప్పి పంపిన హెడ్మాస్టరే చివరికి నిచ్చెన ఇప్పించాడు. దారం కట్టలేదు, సుద్దగీత గీయలేదు. ఎండ ముదిరేలోగా పేరంతా తిన్నగా నిలబెట్టి దిగాడు. ఆ తరవాత ఊళ్లో ఆయన చెయ్యి పడని బోర్డు లేదు. కోర్టు ఆయనదే, బస్టాండు ఆయనదే, రెండు సినిమా హాళ్లూ ఆయనవే. అక్షరానికి నడుము ఎక్కడ వంచాలో ఆయన్ని అడిగి తెలుసుకోవలసిందే.

ఫ్లెక్సీలు వచ్చి బ్రష్షు మూలపడినా ఆయన చతికిలబడలేదు. అరవై దాటాక కంప్యూటరు నేర్చాడు. తన అక్షరాలన్నీ కాగితాల మీద గీసి, కంప్యూటరులోకి ఎక్కించి, పుస్తకాలు అచ్చు వేసుకునేలా తీర్చాడు. ఆ కంప్యూటరు అమర్చిందీ, దానికి యాంటీవైరస్ వేసిందీ, అక్షరాల అంచులు నునుపు చేసే చిన్న ప్రోగ్రాము ఇచ్చిందీ ఆయన శిష్యుడే. ఆయన దగ్గర బ్రష్షు పట్టడం నేర్చి, పెద్ద ఊళ్లో సొంత దుకాణం పెట్టుకున్నవాడు. కొడుకుల కంటే వాడంటేనే మాస్టారికి గురి.

ఈ వేసవిలో ఆ అక్షరాలను ఒక అచ్చు కంపెనీకి పంపితే, ఇవి ఇంకొకరి పేరుతో ఇప్పటికే అమ్ముడవుతున్నాయని, ఆ పేరేదో చెప్పకుండా, జవాబు వచ్చింది. మాస్టారికి అన్నం సయించలేదు.

"ఎవడో బయటి దొంగ కంప్యూటరులో దూరాడమ్మా" అన్నాడు కోడలితో.

"దూరక ఏం చేస్తాడు మామయ్యా? మీ యాంటీవైరస్ గడువు ఎప్పుడో తీరిపోయింది. అది తీసేసి వేరేది వేసుకోండి."

"మా శిష్యుడు పెట్టింది తీసేస్తే వాడు చిన్నబుచ్చుకుంటాడేమో."

"యాంటీవైరస్ దగ్గర కూడా మొహమాటమేనా" అని నవ్వి, ముందు పాతది తీయాలని మరీ మరీ చెప్పి ఆమె ఆఫీసుకు వెళ్లింది.

మాస్టారు తియ్యలేదు. అడుగున ఒక కోటింగు ఉంటేనే పై రంగు పట్టి నిలుస్తుందన్నది ఆయన జీవితమంతా నమ్మిన సూత్రం. పాతదాని మీదే కొత్తది వేశాడు. రెండు కాపలాలూ ఒకదాని కాలరు ఒకటి పట్టుకున్నాయి. తెర బిగుసుకుపోయింది.

"ఇది గోడ కాదు మామయ్యా" అంది సాయంత్రం కోడలు తలపట్టుకుని.

"ఒకే వంటింట్లో నేనూ మా అత్తగారూ ఉన్నప్పుడూ ఇంతే" అంది మాస్టారి భార్య.

కోడలు పాతది తీసేసి కొత్తదానితో కంప్యూటరంతా ఇల్లు సోదా చేసినట్టు వెతికించింది. అది తిన్నగా అంచులు నునుపు చేసే ప్రోగ్రాము దగ్గర ఆగింది. గీసినవి గీసినట్టు బయటికి చేరవేస్తున్నది అదేనట. చేరేది శిష్యుడి దుకాణానికి.

"మరి పాతది ఇన్నాళ్లూ నోరెత్తలేదేం?"

"దీని జోలికి పోవద్దని దానికి ముందే చెప్పి ఉంచారు మామయ్యా. వేసినవాళ్లే."

మాస్టారు ఫోను తీశాడు.

"మీ అక్షరాలు నలుగురిలోకి వెళ్లాలనే చేశాను మాస్టారూ" అన్నాడు శిష్యుడు.

"వెళ్లాయి నాయనా. నా పేరు దార్లో ఎక్కడ జారిపడింది?"

అవతల వాడు ఫోను పెట్టేశాడు.

జరిగింది కోడలు అచ్చు కంపెనీకి రాసింది. ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి గీయిస్తామని, ఎవరి చెయ్యో అక్కడే తేలుతుందని వాళ్లు కబురు పెట్టారు. శిష్యుడు వస్తానన్నాడట. ఆ మాటే మాస్టారిని అన్నిటికంటే గట్టిగా కోసింది. ఆ చేతిని పట్టుకుని సున్నా చుట్టించింది తానే. తన వంపులన్నీ వాడికి వచ్చు.

నిన్న ఉదయం మాస్టారు అచ్చు కంపెనీకి బస్సెక్కాడు. కొడుకు తోడు వస్తానంటే వద్దన్నాడు. తిరిగి వచ్చేది పద్నాలుగో తేదీ, బుధవారం; ఎవరి చెయ్యని తేలిందో అప్పుడే తెలుస్తుంది.