తోడికోడళ్ళు పంచుకున్న గాలి మిషన్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు వేసవిలో నేను కడపలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టడీ కోఆర్డినేటర్‌గా ఉన్నాను. వైద్య పరిశోధనలో మనుషులను చేర్చుకోవడం, వాళ్ళకు విషయం అర్థమయ్యేలా చెప్పడం, మధ్యలో మానుకోకుండా చూసుకోవడం నా పని. మా స్టడీ స్లీప్ ఆప్నియా మీద. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు అది. బయటికి వినిపించేది గురకే కాబట్టి మన దగ్గర దాన్ని ఎవరూ జబ్బనుకోరు.

ఇదే స్టడీ కర్నూలులోనూ నడిచేది. అక్కడి కోఆర్డినేటర్ నాతోపాటు చదువుకున్న అమ్మాయే. ప్రతి ఆన్‌లైన్ మీటింగులో ఆమెనే పొగిడేవాళ్ళు. ఎక్కువ మందిని చేర్చిందట! దాచడం దేనికి, నాకు ఒళ్ళు మండిపోయేది. అందుకే ఎర్రగుంట్ల నుంచి అన్నదమ్ములిద్దరు ఒకేసారి వచ్చేసరికి పండగ చేసుకున్నాను.

అన్న సుబ్బరాయుడిది సరుకుల అంగడి. తమ్ముడు ఓబులేసు సిమెంటు లారీ తోలుతాడు. ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో కాపురాలు. పరీక్షలో ఇద్దరికీ జబ్బు తేలింది. ఎవరికి ఏ వైద్యమో కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తుంది, దాన్నే ర్యాండమైజేషన్ అంటారు. అన్నకు సీపాప్ వచ్చింది. మాస్కు గుండా గాలిని నెట్టి గొంతు మూసుకుపోకుండా చూసే మిషన్ అది. తమ్ముడు కంట్రోల్ గ్రూపులో పడ్డాడు. అంటే ప్రస్తుతానికి సలహాలే, మిషన్ ఆరు నెలల తర్వాత. బండి తోలేటప్పుడు కునుకు వస్తుందా అని ముందే అడిగాను. "యాడిది మేడమ్, బండెక్కితే నాకు నిద్రే రాదు" అని నవ్వాడు. వస్తుందని చెప్పి ఉంటే అతన్ని ఆరు నెలలు ఆగమనేవాళ్ళమే కాదు, వెంటనే వైద్యం మొదలుపెట్టేవాళ్ళం.

కొన్నాళ్ళకు వాళ్ళ భార్యలిద్దరూ పోట్లాడుకుంటూ నా గదిలోకి వచ్చారు.

"మేడమ్, మా మిషన్‌ను ఈమె రోజు మార్చి రోజు ఎత్తుకపోతాండాది" అంది పెద్దకోడలు సరోజమ్మ.

"ఇంట్లోకి ఏదొచ్చినా సగం సగమే గదా మేడమ్. బియ్యం సగం, చింతపండు సగం. మిషన్ ఒక్కటి ఆయమ్మ సొంతమా?" అంది చిన్నకోడలు లక్ష్మీదేవి.

నాకు తల తిరిగింది. ఆ మిషన్‌లో గాలి ఒత్తిడిని సుబ్బరాయుడికి తగ్గట్టు అమర్చాం. ఇలా పంచుకుంటే ఇద్దరి ఫలితాలూ గంగపాలే. ఒకే ఇంటివాళ్ళను చెరో గ్రూపులో వేయకూడదన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

"పంచుకోవడానికి ఇదేమన్నా ఇస్త్రీపెట్టా?" అని అరిచాను. లక్ష్మీదేవి జంకలేదు.

"మా అక్క మొగం చూడండి, ఎంత తేటగా ఉండాదో! మా బావ గురక ఆగిపాయ, ఆమె హాయిగా నిద్రపోతాంది. గోడకు ఈ పక్క నేను మేలుకోని కూచోనుండా. శానా కుళ్ళుగా ఉండాది మేడమ్ నాకు. ఆమెకిచ్చి నాకెందుకియ్యలేదు మీరు?"

"నేను కాదమ్మా, కంప్యూటర్ తీసింది."

"ఎవురు అంగట్లో కూచుంటారో, ఎవురు లారీ తోలుతారో ఆ కంప్యూటర్‌కు తెలుసునా? మా బావకు కునుకొస్తే తలకాయ గల్లాపెట్టె మీద పడతాది. మా ఆయప్పకొస్తే?"

నా కోపం దిగిపోయింది. "ఆయనకు కునుకు వస్తుందా?" అని అడిగాను.

ఆమె గొంతు తగ్గించింది. "మొన్న ముద్దనూరు దావలో లారీ రోడ్డు దిగి కంపచెట్లలోకి పోయింది. క్లీనరు అరిస్తే లేసినాడంట. మీకు తెలిస్తే స్టీరింగ్ పీకేస్తారని నాతో ఒట్టు పెట్టిచ్చుకున్యాడు."

సరోజమ్మ బిత్తరపోయింది. "ముందే చెప్పింటే మిషన్ మొత్తం నీకే ఇచ్చిందును గదే!"

"నువ్విచ్చేది నాకెందుకు? నాది నాకు కావాల."

వెంటనే డాక్టరుగారికి చెప్పాను. స్టడీ పెద్దలకూ రాయాలి. రాస్తే ఓబులేసు స్టడీలోంచి పోతాడు, సుబ్బరాయుడి లెక్కా చెడుతుంది, కర్నూలు ఇంకా ముందుకు పోతుంది. పళ్ళు నూరుకుంటూనే రాశాను. డాక్టరుగారు ఓబులేసును పిలిపించి, వైద్యం పనిచేసేదాకా లారీ ఎక్కొద్దన్నారు. అతనికి తగ్గట్టు అమర్చిన మిషన్ ఇప్పించారు.

"నా కూడు పోగొడితివే" అని ఓబులేసు పెళ్ళాం మీద గుర్రుమన్నాడు. ఆమె పట్టించుకోలేదు. పెట్టె తెరిచి, "అక్కోళ్ళది పెద్దదా, ఇది పెద్దదా మేడమ్?" అని అడిగింది. రెండూ ఒకటేనన్నాను. నమ్మినట్టు లేదు.

కొన్ని వారాలు ఇంట్లో కూర్చుని, మళ్ళీ పరీక్ష అయ్యాక అతను స్టీరింగ్ పట్టుకున్నాడు.

అప్పటినుంచి ఎవరిని చేర్చుకున్నా ముందు భార్యతో విడిగా మాట్లాడతాను. పక్కవాళ్ళ మీద ఆమె ఏడుస్తుంటే ఆపను, ఏడవనిస్తాను. ఆ ఇంట్లో కుళ్ళు లేకపోయి ఉంటే లక్ష్మీదేవి ఒట్టు తప్పేది కాదు. లారీ ఎక్కడో బోల్తాపడి ఆరు నెలలకు ఓబులేసు రాకపోతే, సంగతి తెలియక 'మధ్యలో మానేశారు' అని రాసుకుని, నేను ఇంకొకరిని వెతుక్కునేదాన్ని.