ముట్టుకోకు, హసింతో!

బయాహీబె అనే సముద్రతీరపు పల్లె ఒడ్డున తెరచాపలకు అతుకులేసేది నెరెయ్దా, తాళ్ళు ముడేసేది నెరెయ్దా. పడవ ఎక్కాక చుక్కాని మాత్రం ఎవడో మగాడు లాక్కునేవాడు. ఒక్కసారైనా చుక్కాని తన చేతిలో ఉండగా, ఒంటరిగా పగడపు దిబ్బ దాటి తిరిగి రావాలని ఆమె ఆశ.

అడ్డల్లా ఒడ్డు కట్టుబాటు. ఒంటరిగా కాటమరాన్ పడవ తీసుకెళ్ళాలంటే దాన్ని దిబ్బ అవతల తనే బోల్తా కొట్టించి, తనే లేపి, ఒడ్డు చేర్చాలి. ఈ పరీక్ష ఏటా ఊరి పండుగకే; పరాయి చెయ్యి తగిలిందా, మళ్ళీ పండుగ దాకా ఆగాల్సిందే. పక్కపక్కన బిగించిన జోడు దోనెలు, పొడుగాటి తెరచాప స్తంభం, తడిసిన చాప. అంత బరువు లేపడానికి నెరెయ్దా ఒంట్లో ఉన్నవి ఎముకలూ మొండితనమూను. పోయిన పండుగకు పడవ సగం లేచి ఆగిపోతే, కాపలా తెడ్డుపడవలో ఉన్న తమ్ముడు హసింతో ఉండబట్టలేక దూకి చెయ్యి వేశాడు. పడవ లేచింది, అక్క ఆశ మునిగింది. నెల రోజులు వాడితో మాట్లాడలేదు మహాతల్లి. అరటికాయలు ఉడికించి పెట్టడం మాత్రం మానలేదు.

ఈసారి పాత చాపగుడ్డతో ఒక సంచి కుట్టుకొచ్చింది.

"ఏంటక్కా, సంతకా?"

"నీళ్ళు నింపి వీపునేసుకుంటా. నీ బొజ్జంత బరువొస్తది."

"పెద్దోళ్ళు ఒప్పుకుంటారా?"

"సముద్రం పరాయిదేంట్రా? నువ్వు మాత్రం చేతులు తొడల కింద పెట్టుక్కూచో. ముట్టుకున్నావో, చంపేస్తా!"

దిబ్బ దాటాక పడవను బోల్తా కొట్టించింది. చాప తాడు వదులు చేసి, పడవ ముక్కు గాలివైపు తిరిగేదాకా ఆగింది. కింది దోనె మీద నిలబడి, పై దోనెకు కట్టిన తాడు పట్టుకుని, నీళ్ళు నింపిన సంచి వీపున వేసుకుని వెనక్కి వాలింది. పడవ కదల్లేదు. సంచి అలలకు తగిలీ తగలనంతగా ఇంకా వాలింది. చాప కిందికి గాలి దూరింది, పడవ లేచి ధబ్బున కూర్చుంది. అది గాలికి పారిపోకుండా, దోనెలను కలిపే అడ్డకొయ్య పట్టుకుని పైకి పాకింది.

అంతసేపూ చేతుల మీద కూర్చున్న హసింతో సంతోషం పట్టలేక ఎగిరి గంతేశాడు. ఆ భారీకాయానికి తెడ్డుపడవ ఆగుతుందా? తిరగబడింది.

"అక్కా!" అంటూ ఈదుకుంటూ వచ్చాడు.

"ముట్టుకోకురా! ఇంకా ఒడ్డు చేరలేదు!"

పాపం, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నీళ్ళల్లో పుట్టి పెరిగినవాడే, మునిగిపోడు. అయినా ఆమెకు మనసొప్పలేదు. ఇన్నేళ్ళూ కలలుగన్న ఆ ప్రయాణం గాలిలా దూసుకుపోతూ చేయాల్సింది, చాప వదులు చేసి, వాడి ఈతకు తగ్గట్టు నెమ్మదిగా చేసింది. దారంతా పక్కనే, దారంతా తిట్లే.

"రొప్పకు. వెల్లకిలా తేలరా కాసేపు, దున్నపోతా. తొందరేం లేదు."

ఇసుక తగలగానే దూకి, మోకాలిలోతు నీళ్ళలో తమ్ముణ్ణి చంక కింద పట్టి లేపింది.

"ఇక ముట్టుకో."

వాడు పడవ ముక్కు మీద అరచెయ్యి ఆనించి, ఒడ్డున చేరిన అందరి ముందూ భోరుమన్నాడు.