అరచుట్టు బాబాయి

ఏదైనా సరిగ్గా ఉందంటే బాబాయికి నమ్మబుద్ధి కాదు. "బానే ఉంది కానీ, ఇంకో అరచుట్టు తిప్పితే..." అంటాడు. ఆయన పెళ్ళి ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే, పెళ్ళికొడుకు ఒక్కడే కెమెరా స్టాండు మర వైపు చూస్తుంటాడు.

గోడగడియారాల రిపేరు దుకాణం మూసేశాక ఆయన ఒక చిన్న తెరచాప పడవ కొన్నాడు. తెరచాప కొయ్యను నిలబెట్టడానికి దానికి మూడు ఉక్కుతీగలుంటాయి. ముందొకటి, పక్కల చెరొకటి. ఒక్కో తీగ అడుగున ఒక్కో బిగింపు మర. ఇంకేం, బాబాయికి మూడు స్వర్గాలు ఒకేచోట దొరికాయి.

తీగను వేలితో మీటి, చెవి ఒగ్గి విని, "కాస్త నీరసంగా ఉంది" అని బిగించేవాడు. పది అడుగులు వెనక్కి నడిచి కొయ్య వాలు చూసి, "మరీ బిర్రబిగుసుకుపోయింది" అని వదులు చేసేవాడు. ఓసారి పిన్ని దుప్పట్లు ఆరేసిన తీగను కూడా మీటాడు. తడి దుప్పటి వచ్చి నెత్తిన పడింది. "శ్రుతి కుదిరిందా?" అంది పిన్ని.

"ఇంతకీ నీళ్ళలోకి దిగేదెప్పుడండీ?"

"ఇదిగో, అరచుట్టు!"

నిరుడు సరస్సులో పడవల పందెం ఈల మోగేసరికి ఆయన ఇంకా ఒడ్డునే స్పానరుతో ఉన్నాడు. ఆ ఏడు ఆయనకన్నా బాతులే నయమని రేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ ఏడు తోడు వస్తానని ఆయన అన్నగారి కూతురు మాటిచ్చింది. బళ్ళో లెక్కలు చెప్పే టీచరమ్మ, మాట మీద నిలబడే మనిషి. ఒకటే షరతు: స్పానరు ఇంట్లో వదిలి రావాలి.

పందెం రోజు పొద్దున్నే ఆమె రేవుకు వెళ్తే బాబాయి తన పడవలో లేడు. రిటైరైన పోస్టుమాస్టరు గారి పడవలో వంగి మర తిప్పుతున్నాడు.

"బాబాయ్! స్పానరు ఇంట్లో పెట్టానన్నావు?"

"అది పెద్దదమ్మా. ఇది చిన్నది."

"ఇది మన పడవ కాదు! పందెం ముందు ఎదుటివాళ్ళ మరలు తిప్పడాన్ని ఏమంటారో తెలుసా?"

బాబాయి స్పానరు కిందపెట్టాడు. "పోయిన చలికాలం జారిపడ్డప్పటి నుంచీ పోస్టుమాస్టరు గారి కుడిచేతిలో పట్టు లేదు తల్లీ. ఆయన ఎవరితోనూ చెప్పరు. కొయ్య వెనక్కి వాలి ఉంటే, గాలి ముదిరినప్పుడు చుక్కాని పిడి చేతిని లాగేస్తుంది. అందుకని పక్క తీగలు వదులు చేసి, ముందు తీగ బిగించి, కొయ్యను కొద్దికొద్దిగా నిలువుకు తెస్తున్నా. వారానికి అరచుట్టే. ఎక్కువ తిప్పితే కనిపెట్టేస్తారు."

"ఆయనకు చెప్పే చేయొచ్చుగా?"

"చెబితే పడవ అమ్మేస్తారమ్మా."

దారి చివర పోస్టుమాస్టరు గారి టోపీ కనిపించింది. టీచరమ్మ గబుక్కున ఒంగి కొయ్యను పట్టుకుంది. "ఊఁ, త్వరగా కానివ్వు. వచ్చేస్తున్నారు!"

ఆ రోజు గాలి చెలరేగిపోయింది. కుర్రాళ్ళే చుక్కాని పిడులు పట్టలేక చేతులు విదిలించుకుంటుంటే పోస్టుమాస్టరు గారు నల్లేరు మీద బండిలా సాగిపోయి రెండో స్థానంలో వచ్చారు. బాబాయి పడవ అందరికన్నా చివర వచ్చింది. అది ఒడ్డు చేరాక గానీ నిర్వాహకులు బల్లలు ఎత్తడానికి వీల్లేకపోయింది.

పోస్టుమాస్టరు గారు గర్వంగా వచ్చి బాబాయి భుజం తట్టారు.

"చూశావటోయ్! ఈ చేతికి ఇంక పట్టు రాదన్నాడు డాక్టరు. వాడికేం తెలుసు? నీ జబ్బేమిటో చెప్పనా? ఊరికే కెలుకుతావు. నా పడవ చూడు, ఆరేళ్ళయింది మర ముట్టుకుని!"

"నిజమేనండీ. మీ దగ్గర నేర్చుకోవాలి," అన్నాడు బాబాయి వినయంగా.

టీచరమ్మకు ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. సరస్సు వైపు తిరిగి చాలాసేపు దగ్గింది.

"వచ్చే ఆదివారం ఎన్నింటికి వస్తారండీ?" అడిగాడు బాబాయి.

"ఎనిమిదింటికి. ఏం?"

"ఊరికేనండీ."

ఇంటిదారిలో మలుపు తిరిగాక టీచరమ్మ అంది:

"ఏడింటికల్లా నేనూ వస్తాను బాబాయ్. కాపలాకి మనిషి ఉండాలిగా!"