ఒసాకల ఒంటి చెప్పు

“జాతరల నీ చెప్పులు పోగొట్టింది నేను గాదు సుగుణా! పదిహేనేండ్ల సంది చెప్తాన్న!”

“మరెవలు పోగొట్టిండ్రు వదినె? కాపలకు కూసున్నదెవలు? పల్లీలు తినుకుంట అటు మొకం జేసి కూసున్నదెవలు?”

గీ లొల్లి మా వర్ధన్నపేటల అనుకునేరు. కాదుల్లా! జపాన్ల, ఒసాక అనే పేద్ద పట్నంల, గుడి దర్వాజ ముంగట! ఆ పంచాతి నిన్ననే తెగింది. ఎట్ల తెగిందో ఇనుండ్రి. నవ్వినోళ్లకు మాత్రం ఛాయ్ లేదు.

మాది పురుగుమందుల దుకాణం గద. టార్గెట్ కొడితె కంపెనోళ్లు టూర్ ఇస్తరు, ఇద్దరికి టికెట్లు. మా ఆయన పోయి ఆరేండ్లాయె. ఒక సీటు ఉత్తగ పోవుడెందుకని ఆయన అక్కను ఎంబడి తోల్కపోయిన. అది నా మొదటి తప్పు.

ఆరు రోజులు ఫ్యాక్టరీలు, మీటింగులు. ఒక్క ముక్క సమజ్ గాలె. ఆఖరి రోజు పొద్దుగాల గుడి, తర్వాత కోట, అటెన్క ఎయిర్‌పోర్ట్. నాకు ఆ కోట మీదనే పానం. ఓరుగల్లు కోట పక్కన పుట్టినదాన్ని, వాళ్ల కోట ఎట్లుంటదో సూడొద్దా? కోట ముంగట నిలవడి ఫోటో దిగుత, దుకాణంల ఫ్రేం కట్టిపెడ్త అని రైతులందరికి చెప్పొచ్చిన!

గుడికాడ మా గైడ్ రఫీ భాయ్, మన హైదరాబాదాయనే, ఆడనే ఉంటడు, ముందుగాలనే చెప్పిండు: “అమ్మా, ఈడ చెప్పులు ఇప్పద్దు. అట్లనే రాండ్రి.”

గుడికి చెప్పులేసుకొని పోతరా ఎవలన్న? మా వదినె పోయింది. మనుమని బూట్లు ఏసుకొని టకటక లోపలికి నడిచింది. నేను ఇప్పిన. ఇప్పి, ఊకున్ననా? లేదు. నా తెలివి సూపెట్టిన. ఎడమదాన్ని తూర్పు దర్వాజకాడ రాతిదీపం కింద పెట్టిన. కుడిదాన్ని సైకిళ్ల కాడ, గంత దూరం నడిచిపోయి పెట్టిన. ఒంటి చెప్పును ఏ దొంగ ఎత్తుకపోతడు? మనం ఏ గుడికి పోయినా చేసేదే గద!

“సూసినవా వదినె? ఆ రోజు నువ్వు గిట్ల పెడితె జాతరల నా చెప్పులు పోవు.”

అట్ల మొదలైంది ఇందాక మీరిన్న లొల్లి.

మొక్కి బయటికొచ్చి సూద్దును, రాతిదీపం కింద చెప్పు లేదు! సైకిళ్ల కాడికి ఉరికిన. ఆడ గూడ లేదు! ఉత్త సాక్సుల మీద, గా చలిల!

“ఏంది సుగుణా, కాలు కింద పెడ్తలేవు?” అంటది మా వదినె, పండ్లు ఇకిలిచ్చి.

రఫీ భాయ్ గుడి ఆఫీసుకు తోల్కపోయిండు. ఎడమ చెప్పు ఆడున్నది. దానికి చీటి గట్టి, బల్ల మీద దేవునోలె కూసోబెట్టిండ్రు! పాపం ఎవలిదో ఒంటి చెప్పు పడిపోయిందని ఒకామె తెచ్చిచ్చిందట. కుడిదేమో ఎవలో ముసలాయన సైకిల్ మీద తీస్కపోయి పోలీసోళ్లకిచ్చిండట. దొంగలు లేని ఊర్లె నా చెప్పులు పోయినయుల్లా!

పోలీస్ చౌకీల ఒక పెద్ద కాయితం తీసిండ్రు. చెప్పు రంగేంది, సైజెంత, ఏ టైముకు పోయింది, యాడ పోయిందో నక్ష గీయుమన్నరు! నాకు సంతకం పెట్టుడే కష్టం.

పోలీసాయన ఏందో అడిగిండు. రఫీ భాయ్ నా దిక్కు తిరిగి మెల్లగ అన్నడు: “అమ్మా, రెండు చెప్పులు రెండు తావుల ఎట్ల పోయినయని అడుగుతాండు. ఏం జెప్పాలె?”

“దొంగలెత్తుకపోకుంట పెట్టిన అని చెప్పు.”

“నా నోటితోని రాదమ్మా. పదకొండేండ్ల సంది వీళ్ల నడుమ బతుకుతాన్న.”

ఏం జెప్పిండో ఏమో, పోలీసాయన నా కుడికాలు దిక్కు జూసి మస్తు బాధపడ్డడు. ఆ కాలు బాగు గావాలని మొక్కుకొని, దాని చెప్పు అంత దూరం ఇడిచిందని చెప్పిండట! ఆఖరికి తేలిందేందంటే, చెప్పును గప్పుడే పెద్ద స్టేషన్‌కు పంపిండ్రు, రేపు పొద్దుగాల వచ్చి తీస్కపొమ్మన్నరు. మాకు ఆ రాత్రికే ఫ్లైట్!

బస్సుల ముప్పై మంది డీలర్లు గంటన్నర సంది కూసున్నరు. కోటకు టైమైపోయింది. పరకాల శంకరన్న ఒర్రిండు: “సుగుణక్కా, నా మోటర్ సైకిల్ పోయినప్పుడు గూడ గింత ఎంక్వైరీ గాలె!” కోట బస్సు కిటికీలకెళ్లి కనవడ్డది. ఫోటో తీస్తె అద్దంల మా వదినె నవ్వు మొకమే వచ్చింది.

ఒక్క చెప్పును ఏం జేసుకోను? బస్సు సీటు కింద ఇడిచిపెట్టి దిగిన. డ్రైవర్ ఉరికొచ్చి, రెండు చేతులతోని పట్టుకొని, వంగి దండం పెట్టి మరి ఇచ్చిండు. ఎయిర్‌పోర్ట్ బాత్రూంల మూలకు పెట్టిన. సాఫ్ జేసే ఆమె చెప్పును మీదికి లేపి పట్టుకొని, చెకింగ్ లైన్ దాక ఉరికొచ్చింది! పోగొట్టుకుందామన్నా పోనిస్తలేరు! హోటల్లకెళ్లి తెచ్చుకున్న తెల్ల స్లిప్పర్లేసుకొని, ఒంటి చెప్పు సంకల పెట్టుకొని ఇమానం ఎక్కిన.

ఇంటికొచ్చి, పో పీడ అని రోడ్డు మీద ఇసిరిన. ఛాయ్ తాగి సూసేటాల్లకు కుక్క నోట్లె పెట్టుకొని పోయింది. హమ్మయ్య, మన ఊరికొచ్చినం అనుకున్న.

నిన్న పార్సిల్ వచ్చింది. ఇప్పుతె కాయితం, కాయితం లోపల కవరు, కవరు లోపల నా కుడి చెప్పు. కడిగి, తుడిచి, మెరుస్తాంది! రఫీ భాయ్ ఫోన్ జేసిండు.

“పోలీసోళ్లు రోజు ఫోన్ జేసి సతాయిస్తాండ్రమ్మా, అందుకే పంపిన. కొరియర్‌కు మన పైసలల్ల పదహారు వందల నలభై అయినయి.”

మూడొందల యాభై రూపాయల జతల ఒక్క చెప్పుకు పదహారు వందల నలభై! కొట్టిన ఫోన్ పే.

మా వదినె పక్కనే కూసోని సూస్తాంది. బొడ్ల సంచి తీసింది.

“జాతరల పోయిన జత ఎంతకు కొన్నవ్?”

“రెండొందల ఇరవై,” అన్న. పదిహేనేండ్ల సంది అంటనే ఉన్న గద, టక్కున వచ్చింది.

“ఒకటి ఈడ, ఒకటి ఆడ పెడితె ఎన్ని మిగుల్తయో నువ్వే సూపెట్టినవ్. ఒక్కటి! నేను ఆ రోజు నీ తీర్గ పెట్టినా నీకు దక్కేది ఒక్కటే. ఇగో, ఆ ఒక్కదాని పైసలు. ఇంకోసారి జాతర మాట ఎత్తినవో, సూడు మరి!”

లెక్కవెట్టి నా చేతుల పెట్టింది. నూటపది రూపాయలు.